ఉప్పు తగిలిన ఈస్ట్ కణం

శ్రోతలకు నమస్కారం. ఎండాకాలంలో మన విశాఖ ఇళ్ళలో మాగాయ ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీకెత్తుతారు. మూడో నాటికి ముక్కలు వడలిపోయి, ఊట పైకి తేలుతుంది. తనలోని నీటిని ఉప్పు లాగేసుకుంటుంటే మామిడి ముక్క చేయగలిగింది ఏమీ లేదు. తాటికల్లును పొంగించే, బేకరీలో పిండిని ఉబ్బించే ఈస్ట్ కణం మాత్రం అలా ఊరుకోదు. కొద్ది నిమిషాల్లోనే తన జన్యువుల పనిని మార్చుకుని, పోయిన నీటిని తిరిగి రాబట్టుకుంటుంది.

ఈ కణం పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువందలో వంతు. అందులో 16 క్రోమోజోములు, వాటి మీద సుమారు 6,000 జన్యువులు ఉన్నాయని 1996 నాటికే పూర్తిగా తెలిసింది. అయితే జన్యువులు ఉండేది కణకేంద్రకంలో, ఉప్పు తగిలేది బయటి పొరకు. నడుమ కబురు మోయవలసినవి ప్రోటీన్లు.

పొరలో స్లన్-1 అనే ప్రోటీన్ ఉంటుంది. విచిత్రమేమిటంటే, మామూలు వేళల్లో అది ఎడతెగక పనిచేస్తూ కబురును ఆపి ఉంచుతుంది. ఉప్పు తగిలి కణం కుంచించుకోగానే దాని పని ఆగిపోతుంది; ఉక్కపోత రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగితే ఇంటిల్లిపాదీ మేలుకున్నట్టు, లోపలి ప్రోటీన్లు అప్పుడు మేలుకుంటాయి. ఒకటి తన తరువాతి దానికి ఫాస్ఫేటు అనే చిన్న రసాయన ముక్కను తగిలించి ఉసిగొల్పుతుంది, అది మరొకదాన్ని. చివరిది 1993లో వెలుగులోకి వచ్చిన హాగ్-1. అది కేంద్రకంలోకి చేరి, వందలాది జన్యువులను చదివించడం మొదలుపెడుతుంది. వాటిలో ముఖ్యమైనది, నీటిని లోపలికి లాగే గ్లిసరాల్ అనే పదార్థం తయారీకి కావలసిన ఎంజైము జన్యువు. గ్లిసరాల్ లోపల పేరుకునే కొద్దీ నీరు తిరిగి కణంలోకి వస్తుంది. గ్లిసరాల్ బయటికి జారిపోకుండా పొరలోని దారి కూడా మూసుకుంటుంది. ఈ ముందుచూపే నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోస్తుంది. సమతూకం కుదిరాక ఫాస్ఫేట్లు ఊడిపోతాయి, హాగ్-1 కేంద్రకం వదిలి బయటికి వస్తుంది.

ఈస్ట్‌కు ఇంకా కబుర్లు ఉన్నాయి. గ్లూకోజు అయిపోయి గాలక్టోజు దొరికితే దానికి వేరే జన్యువులు తెరుచుకుంటాయి. జోడు కణం వదిలిన రసాయనం సోకితే కణం పెరుగుదల ఆపి, అటువైపు మొన సాచి, కలయికకు సిద్ధమవుతుంది.

చిక్కు ఇక్కడే ఉంది. ఉప్పు కబురు చేరడానికి స్లన్-1 దారి ఒక్కటే కాదు, మరొకటీ ఉంది. ఆ రెండో దారిలోనూ, జోడు కబురు దారిలోనూ స్టె-11 అనే ఒకే ప్రోటీన్ పనిచేస్తుంది. ఒకే మనిషి రెండిళ్ళకు ఉత్తరాలు మోస్తున్నా అవి తారుమారు కావు. జోడు కబురు మోసే ప్రోటీన్లను స్టె-5 అనే మరో ప్రోటీన్ ఒకచోట పట్టి ఉంచడం అందుకు ఒక కారణం. హాగ్-1 కాపలా మరొకటి. పరిశోధకులు హాగ్-1 జన్యువును తీసివేసిన కణాలను ఉప్పు ఎక్కువైన ద్రావణంలో ఉంచితే, అవి ఉప్పు కబురును జోడు కబురుగా పొరబడి, దరిదాపుల్లో ఏ జోడూ లేకుండానే ఒక వైపుకు మొన సాచాయి.