గుడ్డు, తూకం, టీకా ఆగిన రోజులు

శ్రోతలందరికీ నమస్కారం.

కోవిడ్ అనగానే మనకు ఆక్సిజన్ సిలిండర్లు, ఖాళీ లేని ఆసుపత్రి పడకలు, పోగొట్టుకున్న పెద్దవాళ్లు గుర్తొస్తారు. పిల్లల సంగతి అడిగితే "వాళ్లకేం కాలేదులెండి" అనేస్తారు చాలామంది. వైరస్ వరకు అది చాలామట్టుకు నిజమే. ఎక్కువమంది పిల్లలకు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. పిల్లలకు అసలు దెబ్బ తగిలింది వేరే చోట. వాళ్లను కనిపెట్టుకుని ఉండే ఏర్పాట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. బడులు, అంగన్‌వాడీలు మూతపడ్డాయి. మన విశాఖ తీరంలో, ఏటా ఏప్రిల్ మధ్యలో వచ్చే వేట నిషేధానికి ముందే బోట్లు ఒడ్డున ఆగిపోయాయి. జాలరిపేటల్లో చేపే కూలి, చేపే కూర. వేట ఆగితే ఆ ఇంటి పిల్లల కంచంలో మిగిలేది అన్నం, చారు.

ప్రభుత్వం ఊరుకోలేదు. బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకే పంపింది. అదీ లేకపోయుంటే ఎన్ని ఇళ్లు ఇంకెంత ఇబ్బంది పడేవో! కానీ అంగన్‌వాడీలో టీచరమ్మ ఎదురుగా కూర్చుని తిన్న గుడ్డు పూర్తిగా ఆ పిల్లదే. ఇంటికొచ్చిన గుడ్డు పులుసులో పడుతుంది, నలుగురికీ సర్దాలి. పని పోయి ఇంట్లో ఉన్న తండ్రికి కొంచెం, ముసలి అత్తకు కొంచెం. అలా సర్దిన తల్లిని తప్పుపట్టే హక్కు మనకెవరికీ లేదు.

తిండి తర్వాత తూకం. నెలనెలా బిడ్డను తూచి కార్డు మీద చుక్క పెట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది. బిడ్డ సన్నబడుతున్న సంగతి రోజూ చూసే తల్లి కంటికి ఆనదు, ఆ చుక్కలకు తెలిసిపోతుంది. అంగన్‌వాడీలో మూడు రంగుల టేపు ఒకటి ఉంటుంది. ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపున్న బిడ్డ ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి చూస్తారు. పన్నెండున్నర సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ. పదకొండున్నర కన్నా తగ్గితే ఎరుపు, ఆ బిడ్డను వెంటనే డాక్టరుకు చూపించాలి. ఆ నెలల్లో ఎంతమంది పసిపిల్లల చేతులకు ఆ టేపు చుట్టినవాళ్లే లేరో తలచుకుంటే బాధేస్తుంది.

అసలు మన పిల్లలు ఆ కష్టకాలంలోకి బలంగా అడుగుపెట్టలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లోనే, అంటే కోవిడ్‌కు ముందే జరిగింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉందని అప్పుడే తేలింది. ఇక బడికెళ్లే పిల్లలకు వారం వారం ఇచ్చే ఐరన్ మాత్ర, నులిపురుగుల మాత్ర కూడా సరిగా అందలేదు.

ఇక టీకాలు. ఆసుపత్రికి వెళ్తే కరోనా అంటుకుంటుందని తల్లులకు టెన్షన్. కొన్నాళ్లు బస్సులు కూడా లేవు. పాడేరు, అరకు వైపు కొండ మీది ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, మామూలు రోజుల్లోనే డోలీ మోసే దారులవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క ప్రకారం డీపీటీ, అంటే కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే టీకా మొదటి డోసు కూడా పడని పిల్లలు మన దేశంలో 2019లో సుమారు 14 లక్షల మంది. 2020లో వాళ్లు 30 లక్షలు దాటారు. 2022 చివర్లో ముంబైలో తట్టు విజృంభించి పసివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. తట్టు మామూలు అంటురోగం కాదు. దాన్ని ఆపాలంటే నూటికి 95 మంది పిల్లలకు రెండు డోసులూ పడాలి. ఒక్క వాడలో పదిమంది మిగిలిపోయినా అది దారి వెతుక్కుంటుంది.

ఆ ఎండల్లో, మాస్కు కట్టుకుని ఇంటింటికీ తిరిగిన ఆశా కార్యకర్తలకు, నర్సమ్మలకు ఇక్కడ చేతులెత్తి నమస్కరించాలి. జ్వరాల సర్వే, క్వారంటైన్ ఇళ్ల కాపలా, టీకాలు, అన్నీ ఆ కొద్దిమంది మీదే పడ్డాయి.

ఆ రెండేళ్లలో పుట్టిన పిల్లలు ఇప్పుడు బడికి వెళ్తున్నారు. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే తల్లీబిడ్డల కార్డు ఒకసారి తీసి చూడండి. ఖాళీ గడి కనిపిస్తే టీకాల రోజున నర్సమ్మ దగ్గరికి తీసుకెళ్లండి. మధ్యలో ఆగిపోయిన టీకాలను మళ్లీ మొదటి నుంచి వేయించనక్కర్లేదు, ఆగిన చోటు నుంచి కొనసాగిస్తారు. ఐదారేళ్ల వయసులో డీపీటీ బూస్టరు ఎలాగూ ఉంది, అదే రోజు మిగతావీ అడగొచ్చు. కార్డు పోయిందని మొహమాటపడి ఆగిపోకండి. పడిందో లేదో తెలియని తట్టు టీకా మరోసారి వేయించినా బిడ్డకు హాని ఉండదు. ఇంట్లో ఐదేళ్లలోపు చిన్నవాళ్లుంటే వాళ్లనూ వెంటబెట్టుకెళ్లి, తూచి, చేతికి టేపు చుట్టి చూడమనండి.

సెలవు.