సీటీ స్కాన్‌కు అందనిది, కడిగిన నీటిలో దొరికేది

అందరికీ నమస్కారం.

కడుపు క్యాన్సర్ అని తేలగానే ఇంట్లోవాళ్లు సీటీ స్కాన్ రిపోర్టు పట్టుకుని సర్జన్ దగ్గరికి పరిగెత్తుకొస్తారు. "ఎక్కడికీ పాకలేదట సార్, ఆపరేషన్ ఎప్పుడు చేస్తారు?" అని అడుగుతారు. వాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. అయినా స్కాన్ ఒక్కటే చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకుతుంది, రక్తం వెంట లివర్‌కు వెళుతుంది. వీటిని స్కాన్ చాలావరకు పట్టుకుంటుంది. పట్టుకోలేని దారి ఇంకొకటుంది. కణితి జీర్ణాశయం గోడను లోపలి నుంచి బయటిదాకా తొలుచుకుని వస్తే, దాని కణాలు నేరుగా పొట్టలోకి రాలిపోతాయి. పేగుల్ని కప్పి ఉండే పెరిటోనియం అనే పల్చటి పొరకు అంటుకుంటాయి. విత్తనం ఎటైనా పడుతుంది గానీ అనువైన నేల మీదే మొలుస్తుందని ఇంగ్లండ్ సర్జన్ స్టీఫెన్ పాజెట్ 1889లోనే చెప్పాడు. కడుపు క్యాన్సర్‌కు ఆ నేల పెరిటోనియం. కణాలు ఒక గడ్డలా కాకుండా విడివిడిగా చెల్లాచెదురుగా పెరిగే 'డిఫ్యూజ్' రకంలో ఈ బెడద మరీ ఎక్కువ. కణాల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే ఈ-క్యాడ్‌హెరిన్ ప్రోటీన్ ఆ రకంలో తరచుగా దెబ్బతింటుంది. ఆ ప్రోటీన్‌ను తయారుచేసే సీడీహెచ్1 జన్యువులో లోపం తరతరాలుగా వస్తోందని 1998లో న్యూజిలాండ్ మావోరీ కుటుంబాల్లో కనుగొన్నారు.

పొర మీద మిల్లీమీటర్ల సైజు మచ్చలు స్కాన్‌లో తరచూ కనిపించవు. అందుకే కణితి గోడలో లోతుగా దిగిందనుకున్నప్పుడు ముందు లాపరోస్కోపీ చేయాలి. చిన్న రంధ్రాల గుండా కెమెరా పంపి పొరంతా వెతుకుతాం. తర్వాత లోపల సెలైన్ పోసి, మెల్లగా కదిపి, కటి భాగంలో అడుగుకు చేరిన నీటిని మళ్లీ పీల్చి తీస్తాం. దాన్ని ల్యాబ్‌లో గిర్రున తిప్పి, అడుగున దిగిన కణాలకు రంగు వేసి, పాథాలజిస్ట్ మైక్రోస్కోపు కింద చూస్తారు. కంటికి ఏ మచ్చా కనిపించకపోయినా, ఆ నీటిలో క్యాన్సర్ కణాలుంటే జబ్బు నాలుగో దశ కిందే లెక్క.

ఇక్కడే చిక్కు. పొర సొంత కణాలు కూడా చికాకుకు గురైతే ఉబ్బి, క్యాన్సర్ కణాల్లా కనిపిస్తాయి. అసలు క్యాన్సర్ కణాలు ఒకటీ అరా ఉంటే కంటికి దొరకవు. నీళ్లు శుభ్రమని రిపోర్టు వచ్చినవాళ్లలోనూ కొందరికి తర్వాత పొర మీదే జబ్బు తిరగబెడుతుంది.

జపాన్‌లో నగోయాలోని ఐచి క్యాన్సర్ సెంటర్ పరిశోధకులు ఈ చిక్కు మీద పనిచేశారు. కణం ఆకారాన్ని వదిలి, అది తయారుచేసే సందేశాన్ని వెతికారు. క్యాన్సర్ కణాలు తరచూ తయారుచేసే సీఈఏ అనే ప్రోటీన్ తాలూకు ఎంఆర్ఎన్ఏను, అంటే ఆ ప్రోటీన్ తయారీకి కణం రాసుకునే సందేశాన్ని, ఆ నీటిలోంచి తీసి, పీసీఆర్‌తో లక్షల రెట్లు పెంచి కొలిచారు. కోవిడ్ పుణ్యమా అని పీసీఆర్ ఇప్పుడు మనందరికీ తెలిసిన మాటే. మైక్రోస్కోపు వదిలేసిన కొన్ని కేసుల్ని ఇది పట్టుకుంది.

అయితే ఆర్ఎన్ఏ త్వరగా పాడైపోతుంది, శాంపిల్‌ను వెంటనే భద్రపరచాలి. పైగా మామూలు తెల్లరక్తకణాలు కూడా కొద్దిగా సీఈఏ సందేశాన్ని తయారుచేయగలవు. తప్పుడు పాజిటివ్ వస్తే, నయమయ్యే మనిషికి నాలుగో దశ ముద్ర పడుతుంది. అది చాలా పెద్ద అన్యాయం. అందుకే సీఈఏ లాంటి ఒకే మార్కర్ (క్యాన్సర్ ఆనవాలు) మీద ఆధారపడకుండా కొన్నిటిని కలిపి చూసే ప్రయత్నాలు జరుగుతున్నాయి.

రక్తపరీక్షతో తేలదా అని చాలామంది అడుగుతారు. రక్తంలో సీఈఏ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేనట్టు కాదు. పొగతాగేవాళ్లలో క్యాన్సర్ లేకుండానే పెరగొచ్చు. రక్తంలో తిరిగే కణితి డీఎన్ఏ మీద ఆశలున్నాయి గానీ, పొర మీద మాత్రమే ఉన్న జబ్బు రక్తంలోకి వదిలే డీఎన్ఏ చాలా తక్కువ.

కాబట్టి ఆపరేషన్ తేదీ ఖాయం చేసేముందు సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: కణితి ఎంత లోతుకు దిగింది, లాపరోస్కోపీ చేసి నీళ్లు పరీక్షకు పంపుతారా అని. ఆ నీటిలో కణాలుంటే సాధారణంగా ముందు కీమో మొదలుపెడతారు. తర్వాత మళ్లీ లాపరోస్కోపీ చేసి, నీళ్లు శుభ్రపడ్డాయని తేలిన కొందరికి అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.