వీడియో డిలీట్ చేస్తే తప్పు పోతుందా?

నమస్తే అబ్బా, తిరుపతి నుంచి. ఈరోజు ఎవురినో తిట్టే పని లేదు, నా తప్పే చెప్తా.

మొన్న వానలప్పుడు వాట్సాప్‌లో కపిలతీర్థం వీడియో ఒకటి వచ్చింది, కొండ మీంచి ఎర్రనీళ్ళు దభాల్న దూకతా ఉన్నాయి, నేను వెనకాముందు చూడకుండా మా న్యూస్ ఛానల్ లోగో వేసి "ఇప్పుడే కపిలతీర్థంలో" అని పెట్టేసినా. మా రూముకి అది బండి మీద పది నిమిషాలే, పోయి చూడొచ్చు, పోలేదు. గంటకి ఒకాయన కామెంటు: "నాయనా, ఇది 2021 నవంబర్ వరదలప్పటిది, నేనే తీసినా." గమ్మున డిలీట్ కొట్టినా.

తెల్లారి మదనపల్లి నుంచి మా పిన్ని ఫోను. "కపిలతీర్థం మునిగిపోయిందంట కదరా, మేం బయల్దేరాల్నా వద్దా?" చూస్తే అదే వీడియో, మా లోగోతోనే.

(స్క్రీన్ మీద: పాత పేపర్లో "సవరణ" అన్న చిన్న డబ్బా)

పేపర్లో అయితే విలేకరి రాసింది డెస్క్‌లో ఇంకొకరు చూస్తారు, డౌటొస్తే ఫోన్ చేసి అడుగుతారు, అయినా తప్పు పడితే సవరణ వేస్తారు. పేపర్ల మంచిచెడ్డలు చూసే ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో కూడా ఉంది, తప్పు తెలిస్తే వెంటనే, కంటికి కనబడేలా దిద్దుకోవాలని. మూల పేజీలో చీమంత అక్షరాలతో వేసేవాళ్ళు లేరని కాదులే. నాకు డెస్కూ నేనే, విలేకరీ నేనే, టీ తెచ్చేదీ నేనే.

ఆ ప్రెస్ కౌన్సిల్ పరిధి పేపర్లు, వార్తా ఏజెన్సీల వరకే. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఐటీ రూల్స్ తెచ్చి ఆన్‌లైన్ వార్తలోళ్ళు కూడా ఆ నియమాలు పాటించాలనింది, కానీ ఆ ముక్కకి ఆగస్టులో బాంబే హైకోర్టు స్టే ఇచ్చింది. అట్లని అంతా మనిష్టం కాదు, పిల్లల మీద లైంగిక నేరాలకి పెట్టిన పోక్సో చట్టంలో సెక్షన్ 23 ఉంది, బాధిత పిల్లల పేరు, ఫొటో, ఇల్లు, స్కూలు ఏదీ బయటపెట్టకూడదు, ఏ మీడియా అయినా సరే. మొహం బ్లర్ చేసి స్కూలు బోర్డు చూపించే మహానుభావులు ఉన్నారు మనూర్లో.

ఇప్పుడు ఫార్వర్డ్ వస్తే పంపినోళ్ళని ముందు అడుగుతా, నువ్వే తీసినావా, ఎప్పుడు, ఎక్కడ నిలబడి తీసినావు అని. సగం మంది అక్కడే ఆగిపోతారు. తప్పు పడితే ఊరికే డిలీట్ చేయను, ఏం తప్పు పెట్టినానో చెప్పి ఇంకో వీడియో పెడతా, వచ్చిన గ్రూపులోనే మళ్ళీ పంపుతా.

కపిలతీర్థం సవరణ కూడా అట్లే పంపినా. పిన్ని వాళ్ళ గ్రూపులో వేసిందంట, ఇద్దరు చూసినారంట, అందులో ఒకరు మా బాబాయే.