అద్దెకు దిగేముందు బిల్డింగ్ జాతకం చూడండి

అందరికీ నమస్కారం. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే మనం గాలీ వెలుతురూ చూస్తాం, కుళాయి తిప్పి చూస్తాం, మహా అయితే పక్కింటివాళ్లు ఎవరని అడుగుతాం. ఓనరు మాత్రం మన జీతం స్లిప్పుల దగ్గర్నుంచి పాత ఇంటి వివరాల దాకా అన్నీ రాబడతాడు. ఆయన మన గురించి అంత ఆరా తీస్తుంటే, ఆయన గురించి మనం ఆరా తీయడానికి మొహమాటం దేనికండీ?

2022 జనవరి 9న న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 19 అంతస్తుల అద్దె భవనంలో అగ్నిప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు, అందులో 8 మంది పిల్లలు. నిప్పు పుట్టింది ఒక ఫ్లాట్‌లోని రూమ్ హీటర్ నుంచి, కానీ ప్రాణాలు తీసింది పొగ. ఆ ఇంట్లోవాళ్లు బయటికి పరుగెత్తాక తలుపు దానంతటదే మూసుకోవాలి, మూసుకోలేదు, పైన మెట్ల దగ్గర ఇంకో తలుపూ తెరిచే ఉండిపోయింది, దాంతో పొగ మెట్లదారి పట్టుకుని పై అంతస్తులకు ఎగబాకింది.

అందుకే మెట్ల దగ్గర ఫైర్ డోర్, అంటే మంటా పొగా దాటకుండా దానంతటదే మూసుకోవాల్సిన తలుపు, కనబడితే తెరిచి చెయ్యి తీసేసి, మూసుకుంటుందేమో చూడండి. ఒకసారి పూర్తిగా తెరిచి, ఇంకోసారి బెత్తెడే తెరిచి. రెండుసార్లూ టక్కుమని పూర్తిగా మూసుకోవాలి. స్ప్రింగు వదులైన తలుపు దగ్గరగా వచ్చి ఆగిపోతుంది, దూరం నుంచి మూసుకున్నట్టే ఉంటుంది. ఇటుక ముక్క అడ్డం పెట్టి ఉంటే ఇక చెప్పేదేముంది!

ఇక రికార్డులు. న్యూయార్క్‌లో అయితే హౌసింగ్ శాఖ వెబ్‌సైట్లో అడ్రస్ కొడితే చాలు, ఆ బిల్డింగ్ మీద రాసిన నిబంధనల ఉల్లంఘనలన్నీ ఎ, బి, సి తరగతులుగా కనిపిస్తాయి, సి అంటే తక్షణ ప్రమాదం. ఆన్‌లైన్‌లో దొరకని ఊళ్లలో మున్సిపల్ ఆఫీసులోనో ఫైర్ డిపార్ట్‌మెంట్‌లోనో అడగాలి. అంకె చూసి టెన్షన్ పడకండి, ఫ్లాట్లు ఎక్కువుంటే ఫిర్యాదులూ ఎక్కువే ఉంటాయి. ఎన్ని ఇంకా తేలలేదు, ఎప్పటివి, అదే లీకేజీ ఏటా మళ్లీ మళ్లీ వస్తోందా, అది చూడండి. ఒక్క ఫిర్యాదూ లేదంటే అంతా బాగుందని కూడా కాదు, ఖాళీ చేయిస్తారన్న భయంతో నోరు మెదపనివాళ్లు ఉంటారు.

ఓనరు పేరు చోట చాలాసార్లు ఏదో కంపెనీ పేరుంటుంది. అక్కడ ఆగిపోకుండా ఆస్తి రికార్డుల్లో సంతకం ఎవరిదో చూసి, ఆ మనిషికున్న మిగతా బిల్డింగులు ఎలా ఉన్నాయో, కోర్టు కేసులేమైనా ఉన్నాయో చూడండి. అడ్వాన్స్ పుచ్చుకునే మనిషికీ ఆ కాగితాల్లో ఉన్న పేరుకీ సంబంధమే లేకపోతే పైసా కూడా ఇవ్వొద్దు.

చివరిగా లిఫ్ట్ దగ్గర కనబడిన వాళ్లను పలకరించండి. "బిల్డింగ్ బాగుంటుందా?" అంటే బాగుంటుందనే చెప్తారు. "రిపేరు చెప్తే ఎన్నాళ్లకు చేయిస్తారండీ?" అని అడగండి, వాళ్లు నవ్వితే మీకు జవాబు దొరికినట్టే. మీరు చేరేలోపు చేయిస్తానని ఓనరు నోటిమాటగా అంటే, అదే మాట తేదీతో సహా అగ్రిమెంట్‌లో రాయమనండి.