పరలోక జపంలో ‘మా’ అనే మాట: నెల్లూరు స్టూడియోలో జరిగిన చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మనతో నెల్లూరు మేత్రాసనంలో (డయోసిస్‌లో) విచారణ గురువుగా, అంటే పారిష్ ప్రీస్ట్‌గా ఉన్న ఫాదర్ గారు, కలిగిరి వైపు నుంచి రిటైర్డ్ టీచరమ్మ, ఒంగోలు నుంచి సోషియాలజీ లెక్చరర్ గారు ఉన్నారు. ఫాదర్ గారూ, సూటిగా అడుగుతా. నా ప్రార్థన నేను చేసుకుంటా, నా ఇల్లు నేను చూసుకుంటా, ఊరి గొడవ నాకెందుకు అనేవాళ్ళకి కథోలిక శ్రీసభ (చర్చి) ఏం చెబుతుంది?

ఫాదర్: అట్లా కుదరదని చెబుతుంది. 1992లో వచ్చిన సత్యోపదేశ గ్రంథంలో, అంటే శ్రీసభ బోధనల పుస్తకంలో, మానవ సమాజం మీద ఒక అధ్యాయమే ఉంది. నలుగురితో కలిసి బతకడం మనిషికి పైనుంచి తగిలించింది కాదు, అతని స్వభావమే దాన్ని కోరుతుంది అంటుంది. ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, ఏసు నేర్పిన పరలోక జపంలో ‘నా తండ్రీ’ అని ఎవరమూ అనం కదా, ‘మా తండ్రీ’ అంటాం, అన్నం కూడా ‘మాకు’ అనే అడుగుతాం. రోజూ ఇన్నిసార్లు ‘మా’ అంటూ, ఆ ‘మా’లో పక్కింటివాళ్ళు లేరనుకుంటే ఆ జపం ఎవరి కోసం చేస్తున్నట్టు?

వ్యాఖ్యాత: సరే, ఊరి పని ఎవరు చేయాలి? ప్రభుత్వమా, మనమా?

ఫాదర్: 1891లో పోప్ 13వ లియో కార్మికుల గురించి లేఖ రాశారు. న్యాయమైన కూలీ, సంఘం పెట్టుకునే హక్కు అప్పుడే మాట్లాడారు. దానికి 40 ఏళ్ళు నిండినప్పుడు, 1931లో, 11వ పయస్ మరో మాట గట్టిగా చెప్పారు. కిందివాళ్ళు సొంతంగా చేసుకోగలిగే పనిని పైవాళ్ళు లాక్కోకూడదు, వాళ్ళకి శక్తి చాలనప్పుడు మాత్రం పైవాళ్ళు చేయి అందించి తీరాలి. ఈ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు.

టీచర్: ఫాదర్, ఇది మా దూబగుంటలో కళ్ళారా చూశాం. ఆ లేఖ చదివి చేసింది కాదనుకోండి. 1991, 92 రోజుల్లో రాత్రి పూట అక్షరాస్యత క్లాసులు జరిగేవి, అక్కడ ఆడవాళ్ళు నలుగురూ కూర్చుంటే అక్షరాలతో పాటు ఇంటి కష్టం బయటికొచ్చేది, ఎవరి మొగుడు చూసినా కూలి డబ్బులు సారా దుకాణంలో పోసి వచ్చేవాడే. రోశమ్మ లాంటి ఆడవాళ్ళు ముందు నిలబడి ఊర్లోకి సారా రానీయమన్నారు. ఆ గాలి పక్క ఊళ్ళకి పాకింది, జిల్లాలో సారా వేలంపాటలు జరగనీయలేదు. ప్రభుత్వం 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధించింది. ఊరు చేయగలిగింది ఊరు చేసింది. చట్టం మాత్రం ఊరు చేయగలిగేది కాదు కదా, అది పైవాళ్ళే చేయాలి. చేయి అందించడం అంటే అదే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

లెక్చరర్: ఉమ్మడి మేలు గురించి ఇంత చక్కగా మాట్లాడుకుంటున్నాం, నాకు సంతోషమే, కానీ మాట గొంతులో ఆగిపోతోంది. మాది కథోలిక కుటుంబం, దళితులం. మా ఊర్లో ఒకే గుడి, ఒకే దివ్యబలిపూజ. సమాధుల తోటలు మాత్రం రెండు, మాకొకటి, మిగతావాళ్ళకొకటి, మధ్యలో గోడ. మా నాయనమ్మ యాభై ఏళ్ళు జపమాల చెప్పిన మనిషి, ఆమెను గోడకి ఇవతల పూడ్చాం. ఫాదర్, జాతి, వర్ణం, సామాజిక స్థితిని బట్టి వివక్ష చూపితే అది దేవుని చిత్తానికి విరుద్ధమని ప్రపంచంలోని కథోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. 2016లో మన దేశ మేత్రాణుల (బిషప్పుల) సమాఖ్య శ్రీసభ లోపల దళితుల మీద వివక్ష ఉందని ఒప్పుకుంటూ ఒక విధానపత్రం తెచ్చింది. 2022లో మన తెలుగువారు పూల అంథోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో ఆ స్థానానికి వెళ్ళిన మొదటి మనిషి, ఆ రోజు మా ఇంట్లో అమ్మ ఏడ్చేసింది. రోమ్ దాకా దారి పడింది, ఊర్లో ఆ గోడ దాటడానికి దారి లేదు.

వ్యాఖ్యాత: ఫాదర్ గారూ...

ఫాదర్: ఆయన చెప్పింది నిజం, దీనికి నేను సర్ది చెప్పను. నా విచారణలోనూ రెండు తోటలున్నాయి. గోడ తీసేద్దామని ఆలయ కమిటీలో రెండుసార్లు అడిగాను, ఒప్పుకోలేదు.

టీచర్: మరి మీరు పైవాళ్ళు కదా ఫాదర్? కిందివాళ్ళు చేయలేనప్పుడు చేయి అందించాలని ఇప్పుడే చెప్పారు.

ఫాదర్: అవునమ్మా, నేనే చేయాలి. పోయిన సమాధుల పండుగకి, నవంబర్ 2న, రెండు తోటల్లో వేర్వేరుగా పూజ పెట్టడం ఆపేశాను. గోడ దగ్గరే, గేటు తీసి పెట్టి, ఒక్కటే పూజ చేశాను. సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు రెండు వైపులా సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించారు. ఈ ఏడాది కూడా అక్కడే చేస్తాను.

లెక్చరర్: ఎన్ని గంటలకి ఫాదర్?

ఫాదర్: సాయంత్రం నాలుగింటికి.

లెక్చరర్: మా అమ్మని తీసుకుని వస్తాను.