బరువైన పెద్ద బొంతను గోడకు వేలాడదీయడం

అందరికీ నమస్కారం. పెద్ద బొంతను గోడకెక్కించాలనుకున్నప్పుడు చాలామంది ముందు గోడ గురించి అడుగుతారు: ఎన్ని మేకులు కొట్టాలి, ఎంత లావువి కొట్టాలి అని. ముందు చూడాల్సింది బొంతను. దాని బరువును అందులో ఏ భాగం మోయబోతోంది? పై అంచు మొత్తం, ఈ మూల నుంచి ఆ మూల దాకా, సమానంగా మోయాలి. ఇవాళ చెప్పబోయే కొలతలూ కుట్లూ అన్నీ అందుకోసమే.

క్లిప్పులు, రింగులు, పిన్నులు వాడితే పట్టుకున్న చోటల్లా గుడ్డ పైకి లాగబడుతుంది, మధ్యలో జారుతుంది. తొలిరోజు అందంగానే కనిపిస్తుంది. కొన్ని నెలలకు పై అంచు అలలు తిరుగుతుంది, దించాక కూడా ఆ అలలు పోవు. పట్టు దొరికిన చోట దారాలు తెగడం మొదలవుతుంది. తేలికపాటి చిన్న బొంతకు ఇది చెల్లుతుందేమో గానీ, మంచం నిండా పరిచే బొంతకు చెల్లదు.

నమ్మదగిన పద్ధతులు రెండు. మొదటిది గుడ్డ గొట్టం: బొంత వెనక, పై అంచు కింద ఒక గొట్టం కుట్టి, అందులోంచి చెక్క పట్టీ దూర్చడం. 90 అంగుళాల వెడల్పున్న బొంతను లెక్కకు తీసుకుందాం. ఉతికి ఆరేసిన గట్టి నూలు గుడ్డను 9½ అంగుళాల వెడల్పున కత్తిరించండి. రెండు కొసలూ మడిచి కుట్టాక పొడవు 88 అంగుళాలు రావాలి. పొడుగు అంచులు రెండూ కలిపి, అర అంగుళం వదిలి మిషను మీద కుడితే 8½ అంగుళాల చుట్టుకొలత గల గొట్టం తయారవుతుంది. దీన్ని సరిగ్గా సగానికి మడవకండి. బొంతకు ఆనే వైపు 4 అంగుళాలు, బయటి వైపు 4½ అంగుళాలు ఉండేలా ఇస్త్రీ చేయండి. ఆ అర అంగుళం వదులులోకే చెక్క మందం సర్దుకుంటుంది. వదులు లేకపోతే చెక్క బొంతను ముందుకు నెట్టి, పైభాగంలో అడ్డంగా ఉబ్బు కనిపిస్తుంది. కుట్టంతా ఎంత చక్కగా ఉన్నా ఆ ఒక్క ఉబ్బు మొత్తాన్ని పాడుచేస్తుంది.

గొట్టాన్ని పై అంచుకు అర అంగుళం కిందుగా, చేతికుట్టుతో కుట్టాలి. బొంత మొత్తం బల్ల మీదో నేల మీదో పరిచి ఉండాలి. ఒళ్లో పెట్టుకుని కుడితే వేలాడే బరువు ఒకవైపు లాగుతుంది, గొట్టం ఒకచోట బిగిసి ఒకచోట వదులవుతుంది. గోడకెక్కాక పై అంచు ముడుచుకుపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. ముందు కచ్చా కుట్లు వేసి నిలుపుకోండి. తర్వాత పావు అంగుళం దూరంతో హెమ్మింగ్ చేసుకుంటూ పోండి. ఆరేసి అంగుళాలకొకసారి ముడి వేయండి, ఎక్కడైనా దారం తెగినా ఆ ముక్క దగ్గరే ఆగుతుంది. పై వరస, కింది వరసతో పాటు, బొంతకు ఆనే పొర కొసలను కూడా కుట్టాలి. లేకపోతే చెక్క గొట్టంలోకి పోకుండా గొట్టానికీ బొంతకూ మధ్య దూరుతుంది, అస్తరుకు చెక్క రాసుకుంటుంది.

బరువైన బొంతకు ఇక్కడ ఇంకో మాట. సూది అస్తరునే పట్టుకుంటే బరువంతా అస్తరు మీదే పడుతుంది. అది సాగుతుంది, లోపలి దూదీ పై గుడ్డా కిందికి జారి పొట్టలా ఉబ్బుతాయి. అందుకని రెండు మూడు అంగుళాలకొక కుట్టు మూడు పొరల్లోంచీ ముందువైపుకి వచ్చి వెళ్లాలి. రంగు కలిసే దారంతో, ముక్కల అతుకు పక్కనే, చుక్కంత కుట్టు వేస్తే ఎవరికీ కనబడదు.

రెండో పద్ధతి వెల్క్రో. బరువు బాగా ఎక్కువైనప్పుడూ, బొంత అంచులు సూటిగా లేనప్పుడూ నా ఓటు దీనికే, ఎందుకంటే గోడ మీద ఉండగానే కాస్త ఊడదీసి సర్ది మళ్లీ అంటించవచ్చు. రెండు అంగుళాల వెల్క్రో తీసుకుని, మెత్తటి వైపును మూడు అంగుళాల నూలు నవారు మీద మిషనుతో కుట్టండి. ఆ నవారును బొంతకు చేత్తో కుట్టండి, ఇందాక చెప్పిన పద్ధతిలోనే. వెల్క్రో బిరుసుగా ఉంటుంది, చేతిసూది అందులో సులువుగా దిగదు. మధ్యలో నవారు ఉంటే ఆ బాధ లేదు. గరుకు వైపు ఎప్పుడూ గోడకు బిగించే చెక్క మీదే ఉండాలి. అది బొంత మీద ఉంటే చుట్టి దాచినప్పుడు గుడ్డ పోగులను లాగేస్తుంది. జిగురుతో అంటుకునే వెల్క్రో మాత్రం బొంతకు వద్దు. కొన్నాళ్లకు ఆ జిగురు గుడ్డలోకి దిగుతుంది, మరక వదలదు.

ఇక చెక్క. గొట్టంలోకి రెండు అంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న రీపరు తీసుకుని, రెండు అంగుళాల వైపు నిలువుగా ఉండేలా దూర్చండి. పడుకోబెట్టిన దానికంటే నిలబెట్టిన రీపరు నాలుగు రెట్లు తక్కువ వంగుతుంది. పొడవు 89 అంగుళాలుంటే గొట్టానికి అటూ ఇటూ అర అంగుళం బయటికొస్తుంది, అయినా బొంత వెనకే దాగుంటుంది. ఇంత పొడవుకు రెండు కొసల ఆధారం చాలదు, నడుమ వంగుతుంది. గొట్టాన్ని రెండు ముక్కలుగా కుట్టి, మధ్యలో మూడు అంగుళాలు ఖాళీ వదిలి, కొసల దగ్గర పెట్టిన రెండింటితో పాటు అక్కడ కూడా రీపరును గోడకు పట్టి ఉంచే మూడో క్లాంపు పెట్టండి. సగం పొడవు, సగం బరువు కావడంతో వంపు పదహారో వంతుకు పడిపోతుంది. పచ్చి చెక్కను అలాగే వాడకూడదు. చెక్కలోని ఆమ్లం గుడ్డను పసుపు పట్టిస్తుంది. అన్ని వైపులా వార్నిష్ వేసి, వాసన పూర్తిగా పోయేదాకా ఆరనిచ్చి, పైన ఉతికిన నూలు గుడ్డ చుట్టండి.

గోడ దగ్గరికి వద్దాం. బరువు తెలియకుండా స్క్రూ ఎంచుకోలేం. బరువు చూసే మిషను మీద బొంతతో ఒకసారి, బొంత లేకుండా ఒకసారి నిలబడితే తేడా తెలిసిపోతుంది. దానికి చెక్క బరువు కలపండి. ఇటుక గోడ మీద ప్లాస్టరింగ్ పొర బరువు మోయదు, రంధ్రంలో స్క్రూను పట్టి ఉంచే ప్లగ్గు ఇటుకలోకి దిగాలి. వెల్క్రో రీపరును గోడకు బిగించడం చూడండి: చెక్క 18 మిల్లీమీటర్లు, ప్లాస్టరింగ్ 15, ఇటుకలో 40. మొత్తం 73. అంటే 75 మిల్లీమీటర్ల స్క్రూ, 8 మిల్లీమీటర్ల ప్లగ్గు. 35 మిల్లీమీటర్ల స్క్రూతో బిగిస్తే అది దాదాపు ప్లాస్టరింగ్‌లోనే ఆగిపోతుంది, కొన్నాళ్లకు పొడి రాలుతూ వదులవుతుంది. జిప్సం బోర్డు గోడైతే లోపలి ఫ్రేమును వెతికి అందులోకే బిగించండి.

రంధ్రాలకు గుర్తులు రసమట్టంతో పెట్టండి. పై కప్పు కాస్త వాలుగా ఉండి, బొంత దానికి దగ్గరగా ఉంటే, కచ్చితంగా మట్టంగా కట్టిన బొంతే వంకరగా ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పుడు తేడాను సగానికి సర్దుకోవడమే మంచిది.

ఎక్కించడానికి ఇద్దరు కావాలి, రెండు నిచ్చెనలు కావాలి. పై అంచు బయటికి ఉండేలా బొంతను విడిగా ఒక గట్టి గొట్టానికి చుట్టి తెచ్చి, పైన తగిలించాక మెల్లగా విప్పుతూ రండి. ముందే విప్పేస్తే సగం తగిలించిన అంచు మీద మొత్తం బరువు పడుతుంది.

చెమ్మ పట్టే గోడా, ఎండ పడే గోడా రెండూ పనికిరావు. మ్యూజియంలు గుడ్డల మీద వెలుతురును సాధారణంగా 50 లక్సుకు మించనివ్వవు. ఇంట్లో అంత కుదరకపోయినా, కిటికీకి ఎదురుగా మాత్రం పెట్టకండి. కింది అంచుకు కూడా ఒక గొట్టం కుట్టి ఉంచితే, మూడు నాలుగు నెలలకోసారి తలకిందులుగా మార్చవచ్చు, సాగుడు ఒకే వైపు పడదు. నమూనా అందుకు ఒప్పుకోకపోతే దించి, దుమ్ము తీసి, కొన్ని నెలలు చుట్టి ఉంచండి. గుడ్డ పట్టుకుంటే చిరిగేంత పాత బొంతకు మాత్రం ఈ రెండు పద్ధతులూ వద్దు. దాన్ని కాస్త వాలుగా ఉన్న, గుడ్డ కప్పిన పలక మీద పరిచి చూపించండి.