మీరు ఇంట్లో దేన్ని లెక్కపెడతారు? అదే మీరు!

వీడియో కాల్‌లో వెనకున్న గది కనపడకుండా బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ పెట్టుకుని మాట్లాడేవాడు నాకు ఎప్పటికీ పరిచయం కాడు. పోయిన వీడియోలో ఈ ఒక్క మాట అన్నాను. ఎన్ని తిట్లు తిట్టారండీ బాబూ! "నా ఇల్లు నా ఇష్టం, నీకెందుకు చూపించాలి" అని కొందరు. "ఇరుకు గదిలో ఉండేవాడి బాధ నీకేం తెలుసు" అని ఇంకొందరు. ఒకాయనైతే నాకు పక్కింటి కిటికీలోకి తొంగిచూసే జబ్బు ఉందని తేల్చేశాడు.

మంచిది. నేను మాత్రం ఆ మాట వెనక్కి తీసుకోవట్లేదు. ఇవాళ ఇంకో మెట్టెక్కి చెప్తున్నాను. ముక్కూమొహం తెలియని మనిషి ఎలాంటివాడో తెలియాలా? ఉద్యోగం అడక్కండి. చదువు అడక్కండి. "మీ గురించి చెప్పండి" అని మాత్రం చచ్చినా అడక్కండి. ఆ మనిషి తన ఇంట్లో, ఎవరూ చెప్పకుండా, ఎవరూ జీతం ఇవ్వకుండా, దేన్ని లెక్కపెట్టుకుంటున్నాడో కనుక్కోండి. మనిషి దేన్ని లెక్కపెడతాడో అదే ఆ మనిషి. నా సిద్ధాంతం ఇదే.

నవ్వుతున్నారు కదా? నవ్వండి. ఈలోపు మీకు బాగా తెలిసిన ఒక అపరిచితుణ్ణి చూపిస్తాను.

చార్లెస్ డార్విన్. పేరు వినగానే ఏం గుర్తొస్తుంది? తెల్లటి గడ్డం, లోపలికి పోయిన కళ్ళు, పరీక్ష కోసం బట్టీపట్టిన నాలుగు లైన్లు. ఆ గడ్డం వెనక మనిషి తెలుసా మీకు? నాకూ తెలీదు, ఒక్క ఉత్తరం గురించి చదివేదాకా. 1876లో అమెరికాలో ఉన్న ఏసా గ్రే అనే వృక్షశాస్త్రవేత్తకి డార్విన్ రాసిన ఉత్తరం అది. ఆయనా, భార్య ఎమ్మా రాత్రిపూట బ్యాక్‌గామన్ ఆడేవాళ్ళు. పాచికలు వేసి కాయలు జరిపే ఆట. రాత్రికి రెండాటలు. ఆ ఉత్తరంలో ఆయన స్కోరు చెప్పాడు. ఎమ్మా, పాపం, 2490 ఆటలు మాత్రమే గెలిచిందట. తను గెలిచినవి, హుర్రే, హుర్రే, 2795 అట!

ఆ హుర్రేలు నేను కలిపినవి కావు, ఆయనే రాసుకున్నాడు. రెండుసార్లు!

రెండూ కలిపితే 5285 ఆటలు. రాత్రికి రెండు చొప్పున వేసుకున్నా ఏడేళ్ళు దాటుతుంది. అరవై దాటిన మనిషి, జీవితమంతా ఒంట్లో బాగుండక తిప్పలుపడ్డ మనిషి, మనిషి పుట్టుక మీద ప్రపంచమంతా కొట్టుకునేలా చేసిన మనిషి, ఇంట్లో పెళ్ళాం మీద ఎన్ని ఆటలు గెలిచానో లెక్క రాసుకుని, సముద్రం అవతలున్న స్నేహితుడికి చెప్పుకుని మురిసిపోతున్నాడు. చెప్పండి, ఇప్పుడు డార్విన్ మీకు పరిచయమయ్యాడా లేదా? నాకైతే ఆ 305 ఆటల తేడా చూశాకే పరిచయమయ్యాడు.

డార్విన్ దగ్గర ఇంకో నిమిషం ఆగుదాం, ఇది వదల్లేను. ఆయన వానపాముల్ని కుండీల్లో పెట్టి ఇంట్లోకి తెచ్చుకున్నాడు. వాటికి చెవులున్నాయా లేవా తేలాలి కదా. వాటి దగ్గర ఈల ఊదించాడు, కదల్లేదు. బస్సూన్ అని ఇంత పొడుగు వాయిద్యం ఉంటుంది, అది ఊదించాడు, కదల్లేదు. పియానో వాయించారు, ఊహూ. అప్పుడు ఆ కుండీల్ని తీసుకెళ్ళి పియానో మీదే పెట్టి ఒక్క మెట్టు నొక్కారు. అంతే, రెండు వానపాములూ చటుక్కున బొరియల్లోకి దూరిపోయాయి. శబ్దం వినపడదు గానీ, కుండీ అదిరితే తెలుస్తుంది వాటికి. ఇదంతా ఆయన 1881లో పుస్తకంలో రాశాడు, మరుసటేడు పోయాడు. చివరి రోజుల్లో కూడా ఆ ఇంట్లో పియానో మీద వానపాముల కుండీలు! ఆ ఇంటికి చుట్టపుచూపుగా వెళ్ళినవాడికి ఎలా ఉండుంటుందో ఊహించుకోండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించే విషయానికి వస్తాను. ఆ 36 ప్రశ్నలు. మీకు తెలిసే ఉంటుంది, తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ఆర్థర్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు 1997లో ఒక పద్ధతి ప్రచురించారు. ఇద్దరు కొత్తవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని ఒకళ్ళనొకళ్ళు ప్రశ్నలు అడుక్కుంటారు. ముప్పావుగంటలో దగ్గరితనం వస్తుంది. 2015లో ఒక పత్రికా వ్యాసం వల్ల "ప్రేమ పుట్టించే ప్రశ్నలు" అని ఊరూవాడా తిరిగాయి. ఇప్పటికీ తిరుగుతున్నాయి. పరిశోధన మీద నాకు కోపం లేదు, అది నిజాయితీగా చేసిన పనే. కానీ ఆ జాబితా తీసి చూడండి. ఇంట్లో సామాను ప్రస్తావన ఎక్కడ వస్తుందో తెలుసా? 34వ ప్రశ్నలో! అదీ ఎలా? మీ ఇల్లు తగలబడుతోంది, మనుషుల్నీ పెంపుడు జంతువుల్నీ కాపాడాక ఒక్క వస్తువు తెచ్చుకునే టైముంది, ఏం తెస్తారు అని!

అయ్యా, ఇల్లు తగలబడేదాకా ఆగాలా ఆ వస్తువేంటో అడగడానికి? ఇల్లు బాగున్నప్పుడే అడగొచ్చుగా?

న్యాయంగా చెప్పాలంటే అందులో ఐదో ప్రశ్న బాగుంటుంది. చివరిసారి మీలో మీరే ఎప్పుడు పాడుకున్నారు అని. అది మంచి ప్రశ్న. ఎందుకు మంచిది? మనం ఎవరూ లేనప్పుడే అలా పాడుకుంటాం కాబట్టి. మళ్ళీ నా దారికే వచ్చింది చూడండి.

"మరి ఇంటికెళ్ళి చూస్తే సరిపోతుందిగా, ఈ లెక్కల గోలేంటి" అంటారేమో. ఇంటికెళ్తే ఏం చూస్తారు? ముందు గది చూస్తారు. ముందు గది స్టేజీ అండీ. ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సోషియాలజిస్టు స్కాట్లండ్ పైన షెట్‌ల్యాండ్ దీవుల్లో ఉండి జనాన్ని గమనించాడు. అక్కడ ఇళ్ళ లోపల చీకటి, బయట అడ్డంగా ఏమీ ఉండదు. పక్కింటివాళ్ళు నడిచొస్తుంటే లోపలున్నవాళ్ళకి కనపడుతుంది, వచ్చేవాళ్ళకి లోపలివాళ్ళు కనపడరు. వచ్చేవాడు దారంతా ఏదో మొహంతో నడిచొచ్చి, సరిగ్గా గుమ్మం దగ్గర ఆ మొహం తీసేసి నవ్వుమొహం తగిలించుకునేవాడట. లోపలున్నవాళ్ళు అది చూసి సరదా పడేవాళ్ళట! అతిథి నాటకం, ఇంటివాళ్ళ నాటకం, మధ్యలో గుమ్మం. ఇప్పుడు ఆ గుమ్మం స్థానంలో కెమెరా వచ్చింది, అంతే తేడా.

ఆ కెమెరా గురించి ఇంకోటి. 2023లో ఇంగ్లండ్‌లోని డర్హామ్ యూనివర్సిటీ వాళ్ళ పరిశోధన వచ్చింది. వీడియో కాల్‌లో వెనక ఏముంటే మనిషిని ఎక్కువ నమ్ముతారు, ఎక్కువ సమర్థుడనుకుంటారు అని. గెలిచినవి ఏంటో తెలుసా? మొక్కలు, పుస్తకాల అర. ఓడిపోయినవి? మామూలుగా మనుషులు బతికే గది. దాంతోపాటు మంచుగడ్డ మీద వాల్రస్ అనే కోరల సముద్రజంతువు కూర్చున్న బొమ్మ. బాగుంది కదా! మీరు నిజంగా తిని, పడుకుని, గొడవపడి, నవ్వుకునే గదిని, మంచుగడ్డ మీద వాల్రస్‌తో పాటు కిందికి తోసేశారు. ఎవరో ఫొటో తీసిన పుస్తకాల అర పెట్టుకుంటే చాలు, నమ్మేస్తారు. ఆ పుస్తకాల్లో ఒక్కటి తీసి చదవగలడా ఆ మనిషి? అది పిక్చరండీ, పేజీ తిరగదు!

అదే తలుపు ఒక్కసారి తోసుకుని తెరుచుకుంటే? 2017 మార్చిలో దక్షిణ కొరియా బూసాన్‌లో రాబర్ట్ కెల్లీ అనే ప్రొఫెసరు ఇంటి నుంచి బీబీసీలో లైవ్‌లో మాట్లాడుతుంటే, వెనక తలుపు తీసుకుని ఆయన చిన్నకూతురు చేతులూపుకుంటూ వచ్చింది చూడండి, ఆ వెనకే వాకర్‌లో బుడ్డోడు, ఆ వెనక జారుకుంటూ వచ్చి ఇద్దర్నీ లాక్కెళ్ళిన తల్లి. ఆయన ఆ రోజు ఏం విషయం మీద మాట్లాడాడు? ఆ దేశ అధ్యక్షురాలి పదవి పోవడం గురించి. ఎంతమందికి గుర్తుంది? తలుపు మాత్రం అందరికీ గుర్తుంది.

ఇక గదుల్ని చూసి మనిషిని చెప్పడం మీద అసలైన పరిశోధన 2002లో వచ్చింది. సామ్ గాస్లింగ్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం చేసింది. 94 ఆఫీసు గదులు, 83 పడగ్గదులు. గది ఎవరిదో తెలియని కొత్తవాళ్ళు లోపలికెళ్ళి చూసి, ఈ గదిలో మనిషి ఇలాంటివాడు అని మార్కులు వేశారు. మనిషిలో కొత్త విషయాల మీద ఆసక్తి ఎంతుంది, పని పద్ధతిగా చేస్తాడా లేదా అన్నవి బాగానే పట్టేశారు. పుస్తకాలు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే ఎన్ని రకాలున్నాయన్నది చూసినప్పుడే ఆసక్తి సంగతి దొరికింది, ఇది గుర్తుపెట్టుకోండి. కానీ దొరకనిది ఒకటుంది. మనిషి మెత్తనివాడా, ఎదుటివాడితో మంచిగా ఉంటాడా అన్నది గది చూసి సరిగ్గా చెప్పలేకపోయారు.

ఇక్కడే నా సిద్ధాంతం పనికొస్తుంది! మంచితనం గదిలో కనపడదు, లెక్కలో కనపడుతుంది. ఎవరికి ఎంత సాయం చేశానో లెక్క పెట్టుకునేవాడు ఉంటాడు. ఎవడు ఎప్పుడు ఫోన్ ఎత్తలేదో తేదీలతో సహా చెప్పేవాడు ఉంటాడు. వాడి గదిలో మొక్కలుండొచ్చు, నాలుగు రకాల పుస్తకాలుండొచ్చు. పరిగెత్తండి అక్కణ్ణుంచి. బాల్కనీలో గూడు కట్టిన పావురం ఎన్ని గుడ్లు పెట్టింది, ఎన్ని పొదిగింది అని లెక్క పెట్టేవాడు ఇంకొకడు. ఆ మనిషి దగ్గర కూర్చోండి. ఇది ఏ యూనివర్సిటీ వాళ్ళూ తేల్చింది కాదు, నేనే తేల్చాను, మీరు ఒప్పుకోకపోతే మీ ఇష్టం.

నాకు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్తాను. నాతో ఎనిమిది నెలలు పనిచేసిన ఒకాయన ఉన్నాడు. రోజూ కాల్‌లో కలుస్తాం. ఆయన గురించి నాకు తెలిసిందల్లా రెండే: ఎక్సెల్ షీట్లు పంపిస్తాడు, "నోటెడ్" అంటాడు. వెనకంతా బ్లర్. ఒకరోజు ల్యాప్‌టాప్ మార్చినట్టున్నాడు, బ్లర్ పడలేదు. ఆయన చూసుకోలేదు. నేను చూశాను. గోడ నిండా గడియారాలు! పాతవి, పెండ్యులం ఉన్నవి. ఒక్కదానిలో చూపించే టైము ఇంకోదానిలో లేదు. మీటింగ్ అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, నేను ఉండిపోయి అడిగాను. "సర్, అన్నీ తప్పు టైమే చూపిస్తున్నాయేంటి?"

ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ మనిషి కుర్చీలోంచి లేచాడు.

ఒక నోట్‌బుక్ తెచ్చాడు. ఒక్కో గడియారానికి ఒక్కో పేజీ. తేదీ, పక్కన ఆ రోజు ఎన్ని సెకన్లు వెనకబడింది, ఎన్ని సెకన్లు ముందుకెళ్ళింది. పెండ్యులం అడుగున చిన్న మర ఉంటుందట. దాన్ని తిప్పితే గుండు పైకి జరుగుతుంది, పెండ్యులం పొట్టిదై గడియారం జోరందుకుంటుంది. కిందికి దింపితే నెమ్మదిస్తుంది. మీటరు పొడుగున్న పెండ్యులంలో ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే రోజుకి 43 సెకన్లు తేడా! ఆ మరని ఎంత తిప్పాలో వేళ్ళతో గాల్లో చూపించాడు, తిప్పాడా లేదా అన్నట్టు. "పూర్తిగా కరెక్ట్ అయిపోతే ఏం చేస్తారు" అని అడిగితే, "ఎవరికైనా ఇచ్చేస్తాను, ఇంక దానితో పనేముంది" అన్నాడు.

నలభై నిమిషాలు మాట్లాడాడు. నోటెడ్ అని ఒక్కసారీ అనలేదు.

కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసరు 2018లో లెక్క కట్టాడు. తెలిసినవాడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడు కావడానికి 90, ప్రాణస్నేహితుడు కావడానికి 200 పైన కలిసి గడపాలట. పని చేస్తూ పక్కపక్కన గడిపిన గంటలు అంతగా లెక్కలోకి రావట! మా ఎనిమిది నెలలు అందుకే గాలికి పోయాయి. ఆ నలభై నిమిషాలు పోలేదు.

ఇప్పుడు తిట్టినవాళ్ళకి జవాబు. ఒప్పుకుంటున్నాను, అందరికీ సొంత గది ఉండదు. వెనక ఎవరో పడుకుని ఉంటారు, బట్టలు ఆరేసి ఉంటాయి. ఇల్లు చూపించడం ఇష్టం లేకపోతే చూపించక్కర్లేదు. బ్లర్ పెట్టుకోండి, శుభ్రంగా పెట్టుకోండి. అందుకే కదా లెక్క అడగమంటున్నాను! లెక్కకి గది అక్కర్లేదు, సామాను అక్కర్లేదు. ఒక అరుగు మీద కూర్చున్నవాడికైనా ఒక లెక్క ఉంటుంది. "నాకు అలాంటివేం లేవండీ" అన్నవాడు కూడా రెండు నిమిషాలాగి "అంటే... మా మెట్లు 57 ఉంటాయి లెండి" అంటాడు. అదిగో, దొరికాడు!

మీ లెక్క ఏంటో కింద రాయండి. ఉద్యోగం రాయకండి, డిలీట్ చేస్తాను.

నాది అడుగుతారని తెలుసు. చెప్పాలంటే సిగ్గుగానే ఉంది. ఈ ఛానల్ మొదలుపెట్టినప్పటి నుంచి, కెమెరా ముందు ఒక్కో వీడియోకి నేను "అంటే" అని ఎన్నిసార్లు అంటానో లెక్క రాసుకుంటున్నాను. ఎడిటింగ్‌లో చాలావరకు కోసేస్తాను కాబట్టి మీకు తెలీదు. ఇవాళ 31. అంటే... ఇప్పుడు అన్నదానితో కలిపి 32.